మూడో అంతస్తుకు వచ్చిన అతిథి

ఆ ఫోటోను ముందు చూసింది జుల్మీరే. మనవరాలు ఇరేన్ సోఫాలో కాళ్ళు జాపుకుని, స్నేహితురాలి పెళ్ళికి రాబోయే వాళ్ళ కోసం లిస్బన్‌లో బసలు వెతుకుతోంది. ఫోన్ మీద వేలితో ఇళ్ళను ఒకదాని తర్వాత ఒకటి తోసేస్తోంది. పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తున్న జుల్మీర ఉన్నట్టుండి ఆ పిల్ల మణికట్టు పట్టుకుంది.

"ఆగు. వెనక్కి పో. అదీ... అది నా వంటిల్లు."

"అన్ని వంటిళ్ళూ ఇలాగే ఉంటాయి అమ్మమ్మా."

"కిటికీ కూడా ఇలాగే ఉంటుందా? కింద మూల రాయి చూడు, విరిగి ఉండాలి. బీరువా దించుతూ మీ తాత విరగ్గొట్టాడు."

ఇరేన్ ఫోటోను పెద్దది చేసింది. రాయి విరిగే ఉంది.

లిస్బన్ పాత బస్తీ అల్ఫామాలో, ఇద్దరు ఎదురుపడితే ఒకరు గోడకు అతుక్కోవలసినంత ఇరుకు సందులో ఉంది ఆ ఇల్లు. జుల్మీర దాని మూడో అంతస్తుకు కొత్తకోడలిగా వచ్చింది. కూతురు ఫిలొమేనను అక్కడే కన్నది. ఓడరేవులో క్రేను నడిపే భర్త అదెలీనో చొక్కాలు ఆ కిటికీకే ఆరేసింది. మగవాళ్ళ ప్యాంట్లు కుట్టే దర్జీ దుకాణంలో పగలంతా పనిచేసి, ఆ మెట్లే రొప్పుతూ ఎక్కింది. ఎవరో వచ్చి ఇంటిని కింది నుంచి పైదాకా కొనేసి, అద్దెకున్న వాళ్ళందరినీ ఖాళీ చెయ్యమన్నప్పుడు, జుల్మీర తాళం చెవులు ఇచ్చేసి నది అవతల సెషాల్‌లో ఉన్న కూతురింటికి వచ్చేసింది. మరుసటి ఏడే అదెలీనో పోయాడు. ఆ తర్వాత ఆవిడ లిస్బన్‌లో అడుగు పెట్టలేదు. సెషాల్ రేవులో నిలబడితే ఆ ఊరు ఎదురుగా తెల్లగా కనపడుతూనే ఉంటుంది. అయినా ఆవిడ అటు వీపు పెట్టుకునే నడిచేది.

"నేనక్కడ పడుకోవాలి," అంది జుల్మీర.

వంటింట్లోంచి ఫిలొమేన గరిటెతోనే వచ్చింది. "నీకు మతి గాని పోయిందా అమ్మా? మనల్ని వెళ్ళగొట్టిన చోటికే చుట్టపుచూపుగా పోతావా? టోపీ కూడా పెట్టుకో, కెమెరా మెడలో వేసుకో!"

"పెట్టుకుంటాను. వచ్చే నెల నా పుట్టినరోజేగా? ఈసారి శాలువా కొనకండి. నాకున్నవి రెండే భుజాలు."

ఇరేన్ పకపకా నవ్వింది. "నేను తీసుకెళ్తా అమ్మమ్మా. రెండు రోజులు. మనిద్దరం టూరిస్టులం."

ఏప్రిల్‌లో ఒక శుక్రవారం మధ్యాహ్నం ఇద్దరూ పడవ దిగారు. నది ఒడ్డు వెంట నడిచి పాత సందు దాకా వచ్చారు. సందు మొదట్లో పాత చేపల కొట్టు ఉండేది, ఇప్పుడక్కడ హోటలుంది. గుమ్మంలో నిలబడ్డ కుర్రాడు మెనూ కార్డు ఊపుతూ ఎదురొచ్చాడు.

"వెల్‌కమ్ మేడమ్! సార్డీన్! వెరీ ఫ్రెష్!"

జుల్మీర ఆగింది. తను పుట్టి పెరిగిన ఊళ్ళో ఎవరూ తనతో ఇంగ్లీషులో మాట్లాడి ఎరగరు.

"ఏప్రిల్‌లో తాజా సార్డీన్ చేప ఎక్కడిదిరా నీ మొహం? అది పోయిన వేసవిది, మంచుగడ్డలో ముసలిదైపోయింది. జూన్‌లో చెప్పు, వచ్చి తింటాను."

ఆ కుర్రాడిది నేపాలో, ఆ చుట్టుపక్కల ఏ దేశమో. గట్టిగా నవ్వేశాడు. "క్షమించండి అమ్మమ్మగారూ, యజమాని అలా చెప్పమన్నాడు," అన్నాడు శుభ్రమైన పోర్చుగీసులో. "మీరు తినాలనుకుంటే మాత్రం ఇవాళ్టి కానాగంత చేప బాగుంది."

జుల్మీరకు కోపం ఎటు పోయిందో తెలియలేదు. "సర్లే, రేపు చూద్దాం," అని కదిలింది.

మెట్ల సందులో ఇరేన్ లాగుతున్న పెట్టె చక్రాలు రాళ్ళ మీద గడగడమన్నాయి. వెంటనే రెండో అంతస్తు కిటికీ దడాలున తెరుచుకుంది.

"ఆ పెట్టె ఎత్తుకు మొయ్యండి! ఇక్కడ మనుషులు బతుకుతున్నారు!"

జుల్మీర తలకు కట్టుకున్న రుమాలు నుదుటి మీదికి లాక్కుని, తల వంచుకుని గబగబా తలుపు వైపు నడిచింది. మెట్లెక్కుతుంటే ఇరేన్ అడిగింది, "ఎవరావిడ? నీకు తెలుసా?"

"గ్రాసియెత్. మన కింద వాటాలో ఉండేది. ఇంకా ఉన్నట్టుంది."

"మరి పలకరించలేదేం?"

"ముందు పైకి నడు."

ఇరేన్ తలుపు పక్క డబ్బా మీద అంకెలు నొక్కి తాళం చెవి తీసింది. జుల్మీర గుమ్మంలో నిలబడి లోపలికి చూసింది. వంటింటికీ చిన్న గదికీ మధ్య గోడ లేదు. అదెలీనో మంచం ఉన్నచోట బూడిదరంగు సోఫా, దాని మీద సార్డీన్ ఆకారంలో కుట్టిన దిండ్లు ఉన్నాయి. ఆవిడ ఒక దిండు ఎత్తి అటూ ఇటూ తిప్పింది.

"చేపను పొయ్యి మీద పెట్టాలి గాని తల కింద పెట్టుకుంటారటే?"

"ఇంకా ఉంది విను," ఇరేన్ గోడకు తగిలించిన కాగితం చదివింది. "‘కిటికీ బయట బట్టలు ఆరవెయ్యరాదు.’"

ఆ మాట వినగానే జుల్మీర తన రుమాలు విప్పి, కొళాయి కింద తడిపి, పిండి, కిటికీ బయట తీగ మీద ఆరేసింది. తర్వాత కుర్చీ లాక్కుని అక్కడే కూర్చుంది. ఇంటికప్పుల అవతల నది ఎప్పటిలాగే ఉంది. ఏడుపు వస్తుందేమోనని ఇరేన్ పక్కనే నిలబడింది గాని, ఆవిడ ఏడవలేదు. కొత్త గచ్చు మీద చెప్పులేసుకున్న కాలితో తట్టి చూస్తూ, "ఇది బాగా వేశారు. పాతది చలికాలంలో ఐసుగడ్డలా ఉండేది," అంది అయిష్టంగానే.

ఆ సాయంత్రమే గ్రాసియెత్ సంగతి చెప్పింది. ఇల్లు అమ్ముడుపోయినప్పుడు అద్దెకున్న వాళ్ళందరూ గ్రాసియెత్ ఇంట్లో చేరి, ఎవ్వరం కదలం అని ఒట్టు పెట్టుకున్నారు. ఆ మాట తప్పి, ఖాళీ చేస్తానని అందరికంటే ముందు సంతకం పెట్టింది జుల్మీర. సామాను దించే రోజున గ్రాసియెత్ కిటికీ తలుపులు మూసుకుని ఒక్క మాటైనా మాట్లాడలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఇద్దరూ ఉప్పూ వెల్లుల్లీ అప్పిచ్చుకున్నవాళ్ళు, ఒకరి పిల్లకు ఒకరు జ్వరం చూసినవాళ్ళు.

"తాతకు పక్షవాతం వచ్చిందని ఆవిడకు తెలీదా?"

"కాలు కొంచెం ఈడుస్తున్నాడని తెలుసు. మిగతాది తెలీదు."

మర్నాడు ఇరేన్ అన్నమాట ప్రకారం అమ్మమ్మను టూరిస్టును చేసింది. కొండ మీద కోటకు తీసుకెళ్ళింది. ఆ కోట గోడల కింద అన్నేళ్ళు బతికినా జుల్మీర ఒక్కసారీ దాని లోపలికి వెళ్ళలేదు. "ఎప్పుడు వెళ్తాం? ఆదివారం వస్తే ఉతుకుడు, ఇస్త్రీ. కోట ఎక్కడికీ పోదులే అనుకునేవాళ్ళం," అంది. లోపల నెమళ్ళు తిరుగుతున్నాయి. ఒక జర్మన్ జంట గోడ మీదికి వంగి, ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని, కిందికి చూస్తున్నారు. జుల్మీర కూడా వాళ్ళ పక్కనే నిలబడి చూసింది.

ఎర్రటి పెంకుల కప్పులు ఒకదాని భుజం మీద ఒకటి వాలినట్టు నది దాకా దిగుతున్నాయి. గోడల మధ్య ఎండ చీలికలై పడుతోంది. ఇంటి కప్పులన్నిటినీ ఇంత పైనుంచి చూడటం ఆవిడకు అదే మొదలు. ఇన్నేళ్ళూ కింది నుంచి చూసింది, కారుతోందా లేదా అని మాత్రమే చూసింది.

"ఇది ఇంత బాగుంటుందని నాకెవ్వరూ చెప్పలేదేమే," అంది.

"అందుకే కదా వీళ్ళందరూ వస్తున్నారు?"

"వీళ్ళను తిట్టుకుంటూ ఇన్నాళ్ళూ గడిపాను. పాపం, చూడటానికేగా వచ్చారు. చూడని మనమే..." జర్మన్ ఆవిడ తన బైనాక్యులర్స్ అందిస్తే జుల్మీర తీసుకుని చాలాసేపు వెతికింది. తీగ మీద తన రుమాలు కనపడగానే చిన్నపిల్లలా కేకేసింది.

తిరిగొచ్చేసరికి ఇద్దరికీ ఒళ్ళంతా దుమ్మూ చెమటా. ఇరేన్ స్నానానికి దూరింది. జుల్మీర సంతలో కొన్న ఆకుకూర కడిగి సూప్ పెడదామని సింకు దగ్గర కొళాయి బారుగా తిప్పింది. ఆకులు దులుపుతూ ఏదో పాత పాట కూనిరాగం తీస్తుండగా, కాళ్ళ కింద నేల టక్ టక్ టక్‌మంది.

కింది వాటా నుంచి పైకప్పును కొట్టే చీపురు కర్ర చప్పుడది. ఆలోచన కంటే ముందు ఆవిడ చెయ్యి వెళ్ళి కొళాయి కట్టేసింది. పై వాటాలో రెండు కొళాయిలు ఒకేసారి తిప్పితే పాత గొట్టం అతుకు దగ్గర నీళ్ళు కారి గ్రాసియెత్ వంటింట్లో పడేవి. గచ్చు మార్చారు, గోడ పడగొట్టారు గాని, ఆ అతుకును మాత్రం ఎవరూ ముట్టుకున్నట్టు లేదు. జుల్మీర మోకాళ్ళ మీద కూలబడి, సింకు కింద తల దూర్చి, ఇంటి నీళ్ళన్నీ ఆపే మర బిగిస్తుండగా మెట్ల మీద అడుగులు, ఆ వెంటనే తలుపు మీద దబదబా బాదుడు వినిపించాయి.

తలుపు తీసింది. ఎదురుగా పొట్టి మనిషి, ఏప్రాన్, మందపాటి కళ్ళద్దాలు, చేతిలో చీపురు.

"వాటర్! నో వాటర్! మై హౌస్, రెయిన్! అండర్‌స్టాండ్?"

"అండర్‌స్టాండ్," అంది జుల్మీర. "అరవకే, కట్టేశాను."

గ్రాసియెత్ చీపురు నేలకు ఆనించింది. అద్దాలు తీసి, ఏప్రాన్‌కు తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూసింది.

"నువ్వా!"

"నేనే."

"రెండు కొళాయిలూ ఒకేసారి తిప్పొద్దని నీకు నా జీవితమంతా చెప్పాను కదే!"

"స్నానాల గదిలో మనవరాలుంది. దానికి తెలీదు."

"నీకు తెలుసుగా!" గ్రాసియెత్ గొంతు మెట్ల దారంతా మోగింది. "నిన్న పెట్టె గడగడలాడిస్తూ వచ్చింది నువ్వేనా? తల దించుకుపోయింది?"

"నువ్వు తిడుతుంటే తలెత్తి దండం పెట్టమంటావా?"

"దండం ఎందుకు? చెప్పకుండా పోవడం నీకు అలవాటేగా. నువ్వు సంతకం పెట్టావు, నీ వెనకే పై వాళ్ళు, వాళ్ళ వెనకే కింది వాళ్ళు. నా వయసు చూసి కోర్టు నన్ను వదిలేసింది గాని, ఇప్పుడీ ఇంట్లో నాకు ‘గుడ్ మార్నింగ్’ తప్ప ఇంకో మాట చెప్పే దిక్కు లేదు. అదీ మూడు రోజులకో కొత్త మొహం!"

జుల్మీర తలుపు పట్టుకునే నిలబడింది. "ఆయన మెట్ల మీద పడ్డాడే, గ్రాసియెత్. ఒకసారి కాదు. రెండోసారి పడ్డప్పుడు చాలాసేపు లేపలేకపోయాను. నిన్ను పిలుస్తానంటే నా చెయ్యి పట్టుకుని వద్దన్నాడు. ఓడరేవులో అంతటి మనిషిని, మెట్లెక్కలేక పాకుతున్నానని వీధిలో తెలియకూడదు అన్నాడు. నేను మాటిచ్చాను. ఆయనకిచ్చిన మాటా, మీకిచ్చిన మాటా... రెండూ నిలబెట్టే దారి నాకు కనపడలేదు."

గ్రాసియెత్ చీపురును గోడకు చేరవేసింది.

"ముండాకొడుకు," అంది మెల్లగా. "ఒక్క మాట నాతో అనుంటే, మా ఆయనా నేనూ కుర్చీలో మోసుకొచ్చే వాళ్ళం కదా." తర్వాత ఇంకా మెల్లగా అంది. "ఆయన పోయినప్పుడు నల్ల బట్టలు కట్టుకుని రేవు దాకా వచ్చాను. పడవలు వస్తున్నాయి, పోతున్నాయి. ఎక్కలేకపోయాను. తిరిగొచ్చేశాను."

అప్పుడే స్నానాల గది తలుపు తెరుచుకుని, తల నిండా సబ్బు నురగతో, తువ్వాలు చుట్టుకుని ఇరేన్ బయటికి వచ్చింది.

"అమ్మమ్మా, నీళ్ళు ఆగిపోయాయి! కళ్ళు మండిపోతున్నాయి!"

ఇద్దరు ముసలమ్మలూ అటు తిరిగి చూశారు. ముందు గ్రాసియెత్‌కు నవ్వొచ్చింది. తర్వాత జుల్మీరకు. ఆ నవ్వు ఎంతకీ ఆగలేదు. గోడ పట్టుకుని, కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వారు. ఇరేన్ మాత్రం "ఏంటి? ఏమైంది?" అంటూ నురగ కారుస్తూ నిలబడింది.

"ఫిలొమేన కూతురా ఇది? పద తల్లీ, మా ఇంట్లో కడుక్కుందువు గాని," అని నవ్వుతూనే గ్రాసియెత్ చటుక్కున నోరు మూసుకుంది. "దేవుడా! లంగాలు!"

ముగ్గురూ కిందికి పరుగెత్తారు. గ్రాసియెత్ వంటింటి బల్ల మీద కుప్పగా పోసిన నీలం తెలుపు లంగాల మీద పైకప్పు నుంచి ఇంకా చుక్కలు పడుతున్నాయి. అంచులకు వేసిన ఎర్ర రిబ్బను తడిసి, తెల్లబట్ట అంతా గులాబీ మరకలు పాకాయి. జూన్‌లో లిస్బన్ బస్తీలన్నీ పోటీపడి చేసే ఊరేగింపులో ఈ బస్తీ ఆడపిల్లలు కట్టుకోవలసిన లంగాలవి. గ్రాసియెత్ కుర్చీలో కూలబడింది. "అయిపోయింది. నా వేళ్ళు వంగవు. ఉన్న ఇద్దరు కుట్టేవాళ్ళూ అరకొర. మళ్ళీ మొదటికి రావడమంటే..."

జుల్మీర అప్పటికే ఒక లంగా ఎత్తి వెలుతురుకు పట్టింది. మరక కంటే ముందు ఆవిడకు కుట్టు కనపడింది.

"ఇదెవరు కుట్టారే? గోనెసంచికి ఇంతకంటే బాగా వేస్తారు."

"దెప్పడానికి వచ్చావా, కుట్టడానికి వచ్చావా?"

"రెంటికీ. కత్తెర ఎక్కడ? రిబ్బనంతా ముందు విప్పెయ్యాలి. ఇరేన్, నీ తల సంగతి తర్వాత, ఈ తెల్లవాటిని చన్నీళ్ళలో వెయ్యి. వేడినీళ్ళు తగిలాయంటే మరక పట్టేస్తుంది."

సాయంత్రం మూడో అంతస్తు నుంచి సూప్ గిన్నె కిందికి వచ్చింది. ఒకవైపు తింటూ, మరోవైపు విప్పుతూ మాట్లాడుకున్నారు. ఊరేగింపులో నడిచేది ఎవరెవరని జుల్మీర అడిగింది. గ్రాసియెత్ పేర్లు చెప్పింది. చేపల కొట్టువాళ్ళ మనవరాలు నది అవతల అల్మాదాలో ఉంటోంది. మంగలాయన కొడుకులు అమదోరాలో. సగం మందికి పైగా బయటివాళ్ళే. సాధన అయిపోగానే రైలుకో పడవకో పరుగెత్తుతారు.

"మరి వాళ్ళను అల్ఫామా వాళ్ళని ఎలా అంటారు?"

గ్రాసియెత్ అద్దాల పైనుంచి చూసింది. "ఎందుకనరు? ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో ఎవరడిగారు? వస్తున్నారు, నడుస్తున్నారు. నాకది చాలు."

సూది కంట్లో దారం ఎక్కించడానికి జుల్మీరకు మామూలు కంటే ఎక్కువసేపు పట్టింది.

ఆదివారం చూడాలనుకున్న చర్చిలూ మ్యూజియములూ ఏవీ జుల్మీర చూడలేదు. ఇరేన్ ఒక్కతే వెళ్ళి, దారిలో హోటలు కుర్రాడి దగ్గర కానాగంత చేప పొట్లం కట్టించుకొచ్చింది. ఖాళీ చెయ్యాల్సిన వేళకు జుల్మీర పైకి వెళ్ళి రుమాలు తీసుకుని, తాళం చెవి డబ్బాలో పెట్టేసింది. గుమ్మంలో ఒక్క నిమిషం ఆగుతుందేమో అనుకుంది ఇరేన్. ఆగలేదు. కింద పని మిగిలి ఉంది. పెట్టెలో బట్టలన్నీ ఇరేన్ సంచీలోకి మారాయి. పెట్టె నిండా లంగాలు కుక్కారు.

రేవు దాకా గ్రాసియెత్ వచ్చింది. "శనివారానికి పది పూర్తి చేసి తీసుకురా."

"పన్నెండు తెస్తాను. నువ్వు రిబ్బను మార్చు. రంగు దిగనిది కొను, పిసినారీ."

ఫిలొమేన ఆ రాత్రి భోజనాల బల్ల నిండా నీలం బట్ట చూసి నెత్తి పట్టుకుంది. మూడో వారానికల్లా తనే గుండీలు కుడుతూ, "ఆ గ్రాసియెత్ అత్త ఇంకా అలాగే అరుస్తుందా?" అని అడిగింది. ప్రతి శనివారం జుల్మీర పొద్దున పడవకు వెళ్ళి చీకటి పడేలోపు తిరిగొచ్చేది. మూడో అంతస్తులో ఒకరోజు కొరియన్లు, ఒకరోజు ఫ్రెంచివాళ్ళు. మెట్ల మీద కనపడితే కొళాయిల సంగతి చేతులతో అభినయించి చెప్పేది. వాళ్ళు తలలూపేవాళ్ళు. కొందరికి అర్థమయ్యేది, కొందరికి అయ్యేది కాదు. చీపురు కర్రకు పని తప్పలేదు. ఇంటి యజమాని మారలేదు, వెళ్ళిపోయిన వాళ్ళెవరూ తిరిగి కాపురానికి రాలేదు. ఎండాకాలం వచ్చేసరికి కుట్టేవాళ్ళు మాత్రం ఒకరి వెంట ఒకరు పెరిగి, గ్రాసియెత్ వంటింట్లో పట్టక, బస్తీ సంఘం గదిలోకి మారాల్సి వచ్చింది.

జూన్‌లో ఊరేగింపు నాటి సాయంత్రం అందరూ పెద్ద రోడ్డు పైకొసలో వరుసలు కట్టారు. పూల తోరణం మొయ్యడానికి పొడుగు పిల్ల ఒకతె తక్కువ పడితే ఇరేన్‌ను లాగి నిలబెట్టారు. సరిగ్గా తమ బస్తీ పేరు పిలిచే ముందు ఆ పిల్ల లంగా అంచు మడమకు తగులుకుని ఊడిపోయింది.

"కదలకు!" జుల్మీర జనాన్ని తోసుకుని వచ్చి రోడ్డు మీదే మోకాళ్ళ మీద కూర్చుంది. కాలర్‌కు గుచ్చుకున్న సూది తీసింది.

"తొందరగా కానీ," గ్రాసియెత్ వెనక నుంచి పొడిచింది. "డప్పులు మొదలయ్యాయి."

"నీ నోటికే ముందు కుట్టెయ్యాలి."

బ్యాండు మోగింది. ముందు వరుస కదిలింది. జుల్మీర పళ్ళతో దారం తెంపి, మనవరాలి తొడ మీద ఒక్కటి చరిచింది. ఇరేన్ తోరణం పైకెత్తి, పాట అందుకుంటూ ముందుకు సాగింది. గ్రాసియెత్ చెయ్యందించి జుల్మీరను లేపింది. ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని, వరుస పక్కనే, జనం కాళ్ళు తొక్కుతూ, గొంతెత్తి పాడుతూ ఆ వాలు రోడ్డు దిగసాగారు.